గర్భిణుల ఫొటోలకు దుస్తుల ఎంపిక: ముందు తల్లి సుఖం, తరువాత కెమెరా

పుదుచ్చేరి: గర్భిణిగా ఉన్న నాటి రూపాన్ని ఫొటోలలో భద్రపరచుకోవడం ఒకప్పుడు సినీతారలకు, సంపన్నులకు పరిమితమైన ముచ్చట. నేడు అది సామాన్య కుటుంబాల ముంగిటికి వచ్చింది. పుదుచ్చేరి పట్టణంలోని సారం వంటి నివాస ప్రాంతాలలో కూడా ఏడవ నెల రాగానే సీమంతం ముహూర్తంతో పాటు ఫొటోల మాట కూడా ఇంట్లో వినిపిస్తోంది. ఆ మాట రాగానే తలెత్తే మొదటి ప్రశ్న, ఏ దుస్తులు ధరించాలి అన్నది. పట్టుచీరా, నూలు చీరా, నేలను తాకే పొడవాటి గౌనా? కొత్తవి కొనాలా, అద్దెకు తేవాలా, ఇంట్లో ఉన్నవి సరిపోతాయా?

ఈ ప్రశ్నకు సాధారణంగా లభించే సమాధానాలు కెమెరాను దృష్టిలో పెట్టుకొని చెప్పేవి. ఏ రంగు బాగా పడుతుంది, ఏ గౌను గాలికి అందంగా ఎగురుతుంది అన్న ధోరణిలో అవి ఉంటాయి. అయితే ఆ దుస్తులలో రెండు మూడు గంటలు నిలబడి, కూర్చుని, నడిచి, చెమటోడ్చవలసినది నెలలు నిండుతున్న స్త్రీ. అందువల్ల ఆమె శరీరస్థితి మొదట, ఆనాటి వాతావరణం తరువాత, ఫొటో తీసే చోటు ఆ తరువాత, కెమెరా అవసరాలు చివర అన్న వరుసలో ఆలోచిస్తే ఎంపిక సులభమవుతుంది. ఫొటోలు కూడా బాగుంటాయి. ఇబ్బంది పడుతున్న ముఖంలోని అలసటను ఏ ఖరీదైన వస్త్రమూ దాచలేదు.

ఈ అలవాటు ఎలా వచ్చింది

గర్భవతి రూపాన్ని చిత్రించడం కెమెరా కంటే పాతది. ఇంగ్లండులో 1595 ప్రాంతంలో మార్కస్ గీరార్ట్స్ అనే చిత్రకారుడు నిండు గర్భిణి అయిన ఒక ఉన్నత వంశ స్త్రీని ముత్యాలు కుట్టిన వదులైన దుస్తులతో చిత్రించారు. ఆ చిత్రం నేడు లండన్‌లోని టేట్ సంస్థ సేకరణలో ఉంది. ఆధునిక కాలంలో ఈ ముచ్చటకు ప్రపంచవ్యాప్త ప్రచారం తెచ్చినది 1991 ఆగస్టు నాటి వానిటీ ఫెయిర్ పత్రిక ముఖచిత్రం. ఏడు నెలల గర్భిణి అయిన హాలీవుడ్ నటి డెమీ మూర్‌ను దుస్తులు లేకుండా ఆనీ లీబోవిట్జ్ తీసిన ఆ ఫొటో పెద్ద వివాదాన్నే రేపింది. 2017 ఫిబ్రవరిలో గాయని బియాన్సే పూల నడుమ మేలిముసుగుతో దిగిన ఫొటోతో తనకు కవలలు కలగనున్నట్లు ప్రకటించారు. అప్పటి నుంచి పూల అలంకరణ, పల్చని మేలిముసుగు స్టూడియోలలో ఒక బాణీగా స్థిరపడ్డాయి.

మన ప్రాంతానికి వస్తే, తెలుగు మూలాలున్న నటి సమీరా రెడ్డి 2019లో తొమ్మిదవ నెలలో నీటి అడుగున ఫొటోలు తీయించుకున్నారు. 2022 ఫిబ్రవరిలో నటి కాజల్ అగర్వాల్, గర్భంతో ఉన్న తన శరీరంలో వచ్చిన మార్పులపై కొందరు చేసిన వ్యాఖ్యలకు సామాజిక మాధ్యమంలో బదులిచ్చారు. గర్భిణి శరీరం మారడం సహజమనీ, దానిని చిన్నచూపు చూడరాదనీ ఆమె చెప్పిన మాట ఎందరో స్త్రీలకు ధైర్యాన్నిచ్చింది.

తారల ఫొటోల వెనుక దుస్తుల నిపుణులు, సహాయకులు, చల్లని గదులు, అవసరమైతే వైద్యసహాయం ఉంటాయి. ఆ హంగులేవీ లేని చోట అవే దుస్తులను, అవే భంగిమలను అనుకరించబోవడంలోనే చిక్కు ఉంది.

సీమంతం నేర్పిన దుస్తులు

మనవారికి గర్భిణిని అలంకరించడం కొత్త కాదు. షోడశ సంస్కారాలలో ఒకటైన సీమంతోన్నయనంలో ‘సీమంతం’ అంటే తలలోని పాపిట. భర్త భార్య పాపిటను పైకి దువ్వే క్రియ వల్ల ఆ పేరు వచ్చింది. తెలుగువారి ఇళ్లలో పుట్టింటివారు కూతురికి చలిమిడి పెట్టడం, ముత్తయిదువలు గాజులు తొడగడం, కొత్త చీర కట్టించి ఒడి నింపడం ఉన్నాయి. పుదుచ్చేరిలోని తమిళ కుటుంబాలలో ఇదే వేడుక ‘వళైకాప్పు’. రెండు చేతులకూ ఎరుపు, ఆకుపచ్చ మట్టిగాజులు మోచేతి వరకు తొడుగుతారు. కొన్ని తమిళ కుటుంబాలలో గర్భిణికి నల్ల చీర కట్టించడం ఆచారం. శుభకార్యాలకు నలుపును దూరంగా ఉంచే తెలుగింటి కోడలికి ఇది ఆశ్చర్యం కలిగించవచ్చు. తెలుగువారిలో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులకు ప్రాధాన్యం ఎక్కువ.

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో ఈ రెండు ఆచారాలూ ఎదురుపడుతుంటాయి. ఇక్కడికి 800 కిలోమీటర్లకు పైగా దూరంలో, గోదావరి తీరాన ఉన్న యానాం ఈ ప్రాంతంలో భాగమే. చదువు, ఉద్యోగం, వివాహం నిమిత్తం అక్కడి నుంచి ఇక్కడికి వచ్చే తెలుగు కుటుంబాలు ఉన్నాయి. అత్తవారు నల్ల చీర అంటే, పుట్టింటివారు ఆకుపచ్చ చీర అంటే ఆ మాట పట్టింపుగా మారనవసరం లేదు. వేడుకలో ఒకటి, ఫొటోలలో మరొకటి కట్టుకోవచ్చు. ఆకుపచ్చ చీరకు నల్లని అంచు ఉన్నా ఇరువురి మాటా నెగ్గినట్లే.

గర్భిణిని ఫొటో తీస్తే దిష్టి తగులుతుందని సంకోచించే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. ఫొటో వల్ల తల్లికి గాని బిడ్డకు గాని హాని లేదు. అయినా పెద్దల సంకోచాన్ని ఎగతాళి చేయకుండా, ఫొటోలను ప్రసవం తరువాతే ఇతరులకు చూపిస్తామని మాట ఇస్తే చాలా ఇళ్లలో సమాధానం కుదురుతుంది. అన్నిటికంటే ముఖ్యం, గర్భిణికి స్వయంగా ఇష్టం ఉండడం. ఆమె వద్దంటే అక్కడితో ఆగాలి. బంధువుల ముచ్చట కోసమో, ముందుగా కట్టిన డబ్బు పోతుందనో బలవంతం చేయరాదు.

ఏ నెలలో, ఏ వేళలో

సాధారణంగా 28 నుంచి 34 వారాల మధ్య కాలం ఫొటోలకు అనువైనదిగా భావిస్తారు. అప్పటికి కడుపు స్పష్టంగా కనిపిస్తుంది, నడక మరీ భారం కాదు. కవలలు ఉన్నవారు మరికొంత ముందుగా తీయించుకోవడం మంచిది. రక్తపోటు, రక్తస్రావం, నెలలు నిండకముందే నొప్పులు వచ్చే సూచన వంటి సమస్యలు ఉన్నవారు ముందుగా తమ వైద్యులను అడగాలి. విశ్రాంతి తీసుకోమని వైద్యులు చెప్పి ఉంటే ఫొటోలు ఇంట్లోనే, కూర్చున్న చోటే తీయవచ్చు.

గర్భధారణలో శరీరంలోని రక్తం పరిమాణం దాదాపు సగం వరకు పెరుగుతుంది. గుండె ఎక్కువ పని చేస్తుంది. చెమట త్వరగా పడుతుంది, వేడిని తట్టుకునే శక్తి తగ్గుతుంది. అధిక ఉష్ణోగ్రతల వల్ల ఎక్కువ ముప్పు ఉన్నవారిలో గర్భిణులు ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. పుదుచ్చేరిలో ఎండతో పాటు సముద్రపు తేమ కూడా కలుస్తుంది. తేమ ఎక్కువైతే చెమట ఆరదు, శరీరం చల్లబడదు. తమిళులు అగ్నినక్షత్రమనీ, మనం రోహిణి కార్తె అనీ చెప్పుకొనే మే నెల ఎండలలో ఆరుబయట ఫొటోల ఆలోచన మానుకోవడమే మేలు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు. ఆ రోజులలో నేల జారుతుంది, తడిసిన చీర బరువెక్కుతుంది. జనవరి, ఫిబ్రవరి నెలల ఉదయాలు అన్ని విధాలా అనుకూలం.

వేళ విషయంలో ఇక్కడి భూగోళాన్ని కూడా గుర్తుంచుకోవాలి. పుదుచ్చేరి తీరం తూర్పు ముఖంగా ఉంటుంది. సముద్రం మీద సూర్యుడు ఉదయిస్తాడు గాని అస్తమించడు. సాయంత్రం పూట పొద్దు ఊరి వైపు వాలుతుంది. కాబట్టి సముద్రం నేపథ్యంగా బంగారు వెలుగు కావాలంటే తెల్లవారుజామునే బయలుదేరాలి. గర్భిణికి కూడా అదే చల్లని వేళ. వేకువనే లేవడం కష్టమనుకుంటే ఎండ వాలాక, ఊరివైపు వీధులలో తీయించుకోవచ్చు.

వస్త్రం ఎలాంటిదై ఉండాలి

బట్టకు ఈ ఊరు కొత్త కాదు. ఫ్రెంచి పాలనలో పుదుచ్చేరి నుంచి నీలిమందు అద్దిన ‘గినీ’ నూలుబట్ట పడమటి ఆఫ్రికాకు ఓడలలో వెళ్లేది. సెనెగల్ ప్రాంతంలో బంక వ్యాపారానికి ఆ బట్టే మారకంగా చెల్లేది. 1898లో మొదలైన ఆంగ్లో ఫ్రెంచ్ టెక్స్‌టైల్స్ మిల్లు తరతరాల కార్మికులకు బతుకుతెరువు చూపింది. వేడి ప్రాంతాలవారు మెచ్చిన ఆ నూలుబట్ట గుణమే గర్భిణికి కూడా నేడు కావలసింది. అది చెమటను పీల్చుకొని, గాలిని ఆడనిస్తుంది.

నూలు చీరలలో మంగళగిరి, వెంకటగిరి రకాలు తేలికగా, పలుచగా ఉంటాయి. అయితే గంజి ఎక్కువగా పెట్టిన కొత్త నూలు చీర కడుపు మీద ఒదగకుండా బుట్టలా లేచి నిలుస్తుంది. ఒకటి రెండు సార్లు ఉతికి మెత్తబడిన చీర శరీరపు వంపును సహజంగా చూపుతుంది. యానాంకు చేరువలోనే, కాకినాడ దగ్గర సముద్రతీరాన ఉన్న ఉప్పాడ జాందానీ చీరలు పలుచని నేతకు ప్రసిద్ధి. జరీ తక్కువగా ఉన్నవి ఎంచుకుంటే బరువు ఉండదు. గద్వాల చీరలో ఒడలు నూలు, అంచు, కొంగు పట్టు. పట్టు మెరుపు కావాలి, వేడి వద్దు అనుకునేవారికి ఇది మధ్యేమార్గం. కాంచీపురం, ధర్మవరం పట్టుచీరలు ఫొటోలలో గంభీరంగా ఉంటాయి గాని జరీ పెరిగిన కొద్దీ బరువూ, వేడీ పెరుగుతాయి. అవే కావాలనుకుంటే చల్లని గదిలో, అరగంటకు మించకుండా ధరించి మార్చుకోవడం మంచిది.

నైలాన్, పాలిస్టర్, చవకరకం శాటిన్ వంటి కృత్రిమ వస్త్రాలు గాలిని ఆడనివ్వవు. గర్భిణుల చర్మం, ముఖ్యంగా సాగిన కడుపు మీది చర్మం, త్వరగా దురద పెడుతుంది. అటువంటి బట్ట తప్పదనుకుంటే లోపల మెత్తని నూలు లోదుస్తు ఉండాలి. కొత్త బట్ట ఏదైనా ఒకసారి ఉతికి ధరిస్తే దానిలోని రంగు, రసాయనాల వల్ల కలిగే ఇబ్బంది తగ్గుతుంది.

చీరకట్టులో మెలకువలు

చీరకు ఒక గొప్ప సౌలభ్యం ఉంది. పెరుగుతున్న శరీరానికి అనుగుణంగా దానిని వదులు చేసుకోవచ్చు. ఇబ్బంది పెట్టేది చీర కాదు, లోపలి లంగాకు బిగించే నాడా. సన్నని నాడాను కడుపు నడిమధ్య గట్టిగా బిగిస్తే చర్మం ఒరుసుకుపోతుంది, ఊపిరి ఆడనట్లు ఉంటుంది. నాడాకు బదులు వెడల్పాటి మెత్తని సాగే పట్టీ ఉన్న లంగాను, దానిని కూడా కడుపు కిందికి లేదా కడుపు పైభాగానికి వచ్చేట్లు ధరించాలి. కడుపు కిందికి కడితే గుండ్రని ఆకారం స్పష్టంగా కనిపిస్తుంది. పైకి కడితే నిండుగా, సంప్రదాయంగా ఉంటుంది. ఏది సుఖమో కట్టుకునే ఆమెకే తెలుస్తుంది.

కుచ్చిళ్లన్నీ ఒకేచోట లావుగా దోపితే కడుపు ఆకారం మరుగవుతుంది. తక్కువ కుచ్చిళ్లు పెట్టి, వాటిని కొంచెం పక్కకు జరిపితే ఫొటోలో బాగుంటుంది. చీర అంచు చీలమండ దగ్గర ఆగాలి. నేలను ఊడ్చే చీర కాలికి అడ్డం పడుతుంది. పిన్నీసులు భుజం దగ్గర ఒకటి రెండు చాలు. కడుపు పరిసరాలలో వద్దు. నాజూకైన పమిట జారకుండా ఉండాలంటే సన్నగా మడతపెట్టి ముందే ఇస్త్రీ చేయించుకోవచ్చు.

రవిక విషయంలో చాలామంది ఇబ్బంది పడుతుంటారు. నెల కిందట ఇచ్చిన కొలతలు ఆనాటికి సరిపోవు. ఛాతీ, చేతుల పైభాగం, వీపు కూడా పెరుగుతాయి. ఫొటోలకు వారం ముందు కొలతలు ఇవ్వాలి, లేదా లోపల బట్ట వదిలి కుట్టించాలి. పాత రవికలోనే లోపలి కుట్లు విప్పితే సరిపోవచ్చు. హుక్కులు ముందువైపు ఉంటే వేసుకోవడం తేలిక. ప్రసవం తరువాత బిడ్డకు పాలివ్వడానికి కూడా ఆ రవిక పనికివస్తుంది.

గౌన్లు, చెప్పులు, నగలు

స్టూడియోలలో అద్దెకిచ్చే పొడవాటి గౌన్లు చాలామంది ధరించి విడిచినవి. వాటిని ప్రతిసారీ ఉతుకుతున్నారా అని అడగడం మర్యాదకు భంగం కాదు. చంకల దగ్గర, నడుము దగ్గర కుట్లు గట్టిగా ఉన్నాయా, లోపలి గుడ్డ గుచ్చుకుంటోందా అన్నది ముందుగా వేసుకొని చూడాలి. వేసుకున్నాక సహాయం లేకుండా కూర్చోగలగడం, లేవగలగడం, మూత్రవిసర్జనకు వెళ్లిరాగలగడం అనే మూడు పనులూ సాధ్యమైతేనే ఆ గౌను తీసుకోవాలి. గర్భిణికి తరచు మూత్రం వస్తుంది. గౌను విప్పడం కష్టమని ఆపుకోవడం గాని, నీరు తాగడం మానడం గాని ఆరోగ్యానికి చేటు.

మీటర్ల కొద్దీ వెనుక జీరాడే బట్టను సహాయకులు గాలిలోకి ఎగరవేస్తుండగా తీసే ఫొటోలు ఇటీవల ఎక్కువయ్యాయి. చూపులకు అందంగానే ఉంటాయి. కాని ఆ బట్ట గాలికి నిండి లాగినప్పుడు బరువంతా ధరించిన ఆమె భుజాల మీద, నడుము మీద పడుతుంది. గర్భంతో ఉన్నవారి శరీరపు బరువు ముందుకు మళ్లి ఉంటుంది కనుక తూలిపడే ప్రమాదం ఎక్కువ. అటువంటి ఫొటోలు సమతలమైన నేల మీద, పక్కనే ఒకరు పట్టుకోవడానికి సిద్ధంగా ఉండగా తీయాలి.

ఎత్తుమడమల చెప్పులు వద్దు. చీర లేదా గౌను కింద పాదాలు ఎలాగూ కనిపించవు. జారని అడుగు ఉన్న చదునైన చెప్పులు చాలు. నెలలు నిండేకొద్దీ సాయంత్రానికి పాదాలు, వేళ్లు వాయడం మామూలు. బిగుతైన ఉంగరాలు, మెట్టెలు, పట్టీలు ముందే తీసి వదులైనవి వేసుకోవాలి. అయితే ముఖం, చేతులు ఉన్నట్టుండి వాస్తే, తలనొప్పి తీవ్రంగా ఉంటే అది ఉంగరం సమస్య కాదు. రక్తపోటు పెరిగిందనడానికి సూచన కావచ్చు. వెంటనే వైద్యులను కలవాలి.

రంగు, చోటు, వెలుగు

స్టూడియో గదిలో వెనుక తెర నల్లగా ఉంటే నల్ల చీర అందులో కలిసిపోతుంది. ముదురు ఎరుపు, నెమలికంఠం రంగు, వంగపండు రంగు అటువంటి చోట నిలుస్తాయి. తెలుపు సున్నితంగా కనిపిస్తుంది గాని నేరుగా ఎండపడితే నేతలోని పనితనమంతా మాసిపోతుంది. పలుచని తెల్లబట్ట వెనుక నుంచి వెలుతురు పడితే పారదర్శకమవుతుంది కూడా. లోపల ఒంటిరంగు లోదుస్తులు ఉండేలా చూసుకోవాలి. సన్నని గళ్లు, సన్నని చారలు కొన్ని కెమెరాలలో అలల వంటి మచ్చలను సృష్టిస్తాయి. సాదా రంగు, లేదా పెద్ద బుటా ఉన్న బట్ట మేలు. మెరిసే శాటిన్ ప్రతి ముడతనూ ఎత్తిచూపుతుంది.

ఫ్రెంచి కాలనాటి వీధులలో గోడలు ఎక్కువగా ఆవపసుపు, తెలుపు రంగులలో ఉంటాయి. అక్కడ పసుపు చీర గోడలో కలిసిపోతుంది. నీలం, ముదురు ఆకుపచ్చ, కుంకుమ రంగు చక్కగా కనిపిస్తాయి. ఆ ఇళ్లలో జనం నివసిస్తున్నారు కనుక గుమ్మాల ముందు నిలబడే ముందు అనుమతి అడగడం సభ్యత. ఉద్యానవనాలలో, చారిత్రక భవనాలలో అనుమతి, రుసుము నిబంధనలు ముందే కనుక్కోవాలి.

సముద్రతీర రహదారి పక్కన పేర్చిన పెద్ద రాళ్లు ఫొటోలకు ఆకర్షణీయమైనవే. కాని అలల తడికి, నాచుకు అవి జారుతాయి. గర్భిణి వాటి పైకి ఎక్కరాదు. నడకదారి మీదే నిలబడి, రాళ్లూ సముద్రమూ వెనుక కనిపించేలా తీయవచ్చు. ఇసుక తీరంలోనైతే అలలకు దూరంగా, గట్టి ఇసుక మీద నిలబడాలి. నీటిలోకి దిగిన చీర ఒక్క అలకే బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటుంది.

వీటన్నిటికంటే దగ్గరి చోటు మరొకటి ఉంది. సారం వంటి ప్రాంతంలో ఇంటి కిటికీ పక్కన, మేడమీద, అరుగు మీద, ముగ్గు వేసిన వాకిట్లో ఉదయపు వెలుగు మెత్తగా ఉంటుంది. పక్కనే మంచినీళ్లు, పడక, మరుగు ఉంటాయి. రోజూ కట్టుకునే మెత్తని చీరతో, చేతినిండా మట్టిగాజులతో ఆ కిటికీ దగ్గర తీసిన ఫొటో, పెరిగి పెద్దయిన బిడ్డకు తాను పుట్టకముందు తన ఇల్లు ఎలా ఉండేదో కూడా చూపుతుంది.

భర్త, పెద్దబిడ్డ కూడా ఫొటోలో ఉంటే అందరికీ ఒకే రంగు అవసరం లేదు. ఆమె చీరలోని అంచు రంగును ఆయన చొక్కాకు తీసుకుంటే చాలు. ఆయన పంచె, చొక్కా సాదాగా ఉంటే చూపు సహజంగానే తల్లి మీద నిలుస్తుంది.

జాగ్రత్తలు

సీమంతం ఫొటోలలో దీపాలు, హారతి తప్పక ఉంటాయి. నైలాన్, జార్జెట్ వంటి బట్టలకు నిప్పు అంటుకుంటే కరిగి చర్మానికి అతుక్కుంటాయి. వేలాడే పమిటతో, మేలిముసుగుతో దీపాల మధ్య కూర్చోబెట్టరాదు. పమిటను నడుముకు దోపి, దీపాన్ని చేతికి అందనంత దూరంలో ఉంచాలి. రంగుపొగ గొట్టాలు, టపాసులు గర్భిణి దగ్గర వాడరాదు.

నెలలు పెరిగాక వెల్లకిలా ఎక్కువసేపు పడుకోబెట్టి ఫొటోలు తీయడం మంచిది కాదు. గర్భాశయం బరువు పెద్ద రక్తనాళంపై పడి కళ్లు తిరగవచ్చు. పక్కకు ఒత్తిగిలి, దిండు ఆసరాతో తీయవచ్చు. రెండు జతల దుస్తులకు మించి మార్చకపోవడం, ప్రతి అరగంటకూ కూర్చోవడం, మంచినీళ్లు, మజ్జిగ, తేలికపాటి తిండి దగ్గర ఉంచుకోవడం అవసరం. కడుపులో నొప్పి, రక్తస్రావం, నీరు పోవడం, చూపు మసకబారడం, బిడ్డ కదలిక తగ్గినట్లు అనిపించడం వంటివి కనిపిస్తే ఫొటోలు అక్కడే ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. అత్యవసరమైతే 108కి ఫోను చేయాలి.

గులాబీ, నీలం: చట్టం ఏమంటుంది

పాశ్చాత్య దేశాలలో పుట్టబోయేది ఆడబిడ్డ అయితే గులాబీ, మగబిడ్డ అయితే నీలం రంగు దుస్తులతో ప్రకటించే వేడుకలు ఉన్నాయి. ఆ పద్ధతిని మన దేశంలో అనుకరించకూడదు. గర్భస్థ శిశువు లింగాన్ని పరీక్షించి తెలుసుకోవడం, మాటలతో గాని, సైగలతో గాని, మరే విధంగా గాని తెలియజేయడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం. 2003లో ఆ చట్టాన్ని సవరించి మరింత కట్టుదిట్టం చేశారు. 2024 మే నెలలో చెన్నైకి చెందిన ఒక యూట్యూబరు, దుబాయిలో పరీక్ష చేయించి బిడ్డ లింగాన్ని వెల్లడించే వీడియో పెట్టినందుకు తమిళనాడు ఆరోగ్యశాఖ నోటీసు ఇచ్చింది. నీలం చీర కట్టడం తప్పు కాదు, గులాబీ రంగూ తప్పు కాదు. ఆ రంగుతో ఆడో మగో చెప్పడం, చెప్పించుకోవడమే తప్పు. ఆడపిల్లల పుట్టుకనే అడ్డుకున్న దురాచారం నుంచి వచ్చిన చట్టమిది. స్టూడియోవారు అటువంటి పలకలు, బొమ్మలు ఇచ్చినా వద్దనాలి.

చేతిలో స్కానింగు చిత్రం పట్టుకొని ఫొటో దిగే అలవాటు కూడా ఉంది. ఆ కాగితం మీద తల్లి పేరు, వయసు, ఆసుపత్రి వివరాలు ఉంటాయి. బయట పెట్టే ముందు వాటిని కనిపించకుండా చేయాలి. ఫొటోలను ప్రచారానికి వాడుకోవచ్చునా లేదా అన్నది స్టూడియోతో ముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి. ఆ నిర్ణయం ఫొటోలో ఉన్న స్త్రీది. కడుపు కనిపించే దుస్తులు వేసుకోవాలా, కప్పుకోవాలా అన్నదీ ఆమె ఇష్టమే. దుస్తులు మార్చుకోవడానికి గడియ వేసుకునే గది ఉందా, అక్కడ తోడుగా ఒక స్త్రీ ఉంటారా అన్నది కూడా ముందే అడగాలి.

ఖర్చు లేకుండా కూడా

ఫొటోల కోసం అప్పు చేయనవసరం లేదు. ప్రసవానికి, మందులకు, పోషకాహారానికి దాచుకున్న డబ్బును దీనికి వాడరాదు. పెళ్లినాటి నూలు చీర, అమ్మ ఇచ్చిన పాత పట్టుచీర, గాజులపెట్టె, సెల్‌ఫోను ఉంటే చాలు. అమ్మ చీర కట్టుకుంటే ఆ ఫొటోలో మూడు తరాలు ఉన్నట్లే. దేశంలో 2018 మార్చిలో ప్రారంభమైన పోషణ్ అభియాన్ కింద అంగన్‌వాడీ కేంద్రాలలో గర్భిణులకు సీమంతాలు జరుపుతున్నారు. పసుపు, కుంకుమ, గాజులతో పాటు ఆహారంపై సలహాలు కూడా అక్కడ లభిస్తాయి. ఆ వేడుకలో తోటి గర్భిణులతో కలిసి దిగిన ఫొటో స్టూడియో ఫొటోకు ఏ మాత్రం తీసిపోదు.

ఇంటి నుంచి బయలుదేరే ముందు సంచిలో పెట్టుకోవలసినవి కొన్నే. మార్చుకోవడానికి ఒక వదులైన నూలు దుస్తు, చదునైన చెప్పులు, మెత్తని తువ్వాలు, మంచినీళ్లు, తినడానికి ఏదైనా, వైద్యుల చీటీ, మందులు. వెంట నమ్మకమైన మనిషి ఒకరు ఉండాలి.

దుస్తులు తేల్చుకోలేని సందిగ్ధంలో ఉన్నవారు ఫొటోల రోజుకు రెండు మూడు రోజుల ముందు, ఎంచుకున్న చీరనో గౌనునో ఇంట్లో ఒక గంటసేపు ధరించి మామూలు పనులు చేసుకొని చూడాలి. కూర్చోవాలి, లేవాలి, నాలుగడుగులు నడవాలి. గంట గడిచాక ఎప్పుడు విప్పుదామా అనిపిస్తే అది బీరువాలోకే. విప్పవలసిన సంగతే గుర్తుకు రాకపోతే అదే ఆ రోజుకు తగిన దుస్తు.